రేకు పలచనైతేనే పరమాణువు కనబడేది

ఆత్రేయపురంలో పూతరేకు తీసే చేతిని దగ్గర నుంచి చూశారా? బోర్లించిన కుండ, కింద ఎండు కొబ్బరాకుల మంట. బియ్యప్పిండి జారులో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు లేచి వస్తుంది. జారు చిక్కబడినా, మంట హెచ్చినా అది పనికిరాదు.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు మీద పనిచేస్తామంటూ వచ్చే పిల్లలకు నేను ముందు ఈ చెయ్యి గురించే చెబుతాను. ఎలక్ట్రాన్లు నమూనాలోంచి దూసుకుపోవాలంటే దాని మందం పదుల నానోమీటర్లకు దిగాలి. అయాన్ల పుంజంతో చెక్కుతూ పోతారు. రోజుల తరబడి చెక్కిన ముక్క ఆఖరి నిమిషంలో చిరగడం మామూలే. యంత్రం నడపడం నెలల్లో వస్తుంది, నమూనా తీయడానికి చెయ్యి తిరగాలంటే ఏళ్లు పడుతుంది. ల్యాబుల్లో గిరాకీ ఆ చేతికే.

ఇంతా చేసి చూసేదేమిటి? వంటింట్లో గ్యాస్ లైటర్ టిక్కుమనగానే నిప్పురవ్వ రాల్చేది ఫెర్రోఎలక్ట్రిక్ సిరామిక్. ఇలాంటి స్ఫటికాల్లో పరమాణువులు తమ చోటు నుంచి రవ్వంత పక్కకు జరిగి ఉంటాయి. బేరియం టైటనేట్‌లో టైటానియం జరిగేది నానోమీటరులో నూరో వంతు మాత్రమే! 2016లో కాలిఫోర్నియాలోని బర్కిలీలో రామమూర్తి రమేశ్ బృందం లెడ్ టైటనేట్, స్ట్రాన్షియం టైటనేట్ పొరలను ఒకదానిపై ఒకటి పేర్చి, ఆ జరుగుళ్లు వరద గోదారి సుడుల్లా తిరగడాన్ని మైక్రోస్కోపులో చూపించింది. 2019లో అదే పదార్థంలో స్కిర్మియాన్లనే బుడగలను చూపిన పరిశోధన పత్రానికి మొదటి రచయిత సుజిత్ దాస్. ఆయన తర్వాత బెంగళూరు ఐఐఎస్సీలో ఆచార్యుడిగా చేరారు. అంటే, ఈ విద్య నేర్చుకోవడానికి సముద్రాలు దాటనక్కర్లేదు.

రాజమండ్రిలో బీఎస్సీ ఫిజిక్స్ చదువుతున్నా దారి ఉంది. ఎమ్మెస్సీకి జామ్ గానీ సీయూఈటీ పీజీ గానీ రాయండి, బీటెక్ వాళ్లయితే గేట్. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఐఐటీ హైదరాబాద్, బాలాపూర్‌లోని పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ దగ్గరలో ఉన్నవే. నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ ఫెలోషిప్ వస్తే 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు. పీహెచ్‌డీకి అయిదారేళ్లు పడుతుంది, ఇంట్లో ముందే చెప్పండి. చిప్‌లో లోపమెక్కడుందో వెతకడానికీ ఈ యంత్రమే కావాలి కాబట్టి పరిశ్రమల్లోనూ చోటుంది. సెలవుల్లో రెండు నెలలు ల్యాబులో గడపాలంటే మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టండి.

ఈలోగా పైథాన్ పట్టండి. అందులో రాసిన ఆటోమ్యాప్ అనే ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతుంది. అలాంటి పొరల మైక్రోస్కోపు చిత్రం ఒక్కటి తీసుకుని, ప్రతి పరమాణువు మచ్చకూ నడిమధ్య ఎక్కడుందో కొలిచి, అది ఎటు జరిగిందో బాణం గీయండి. వందో బాణం గీసేసరికి సుడి మీ కంటికే కనబడుతుంది.