నేర్పుటకు ముందు వినుట
పరదేశమునకు పోవు ఉపాధ్యాయ దంపతులనుగూర్చి ఒక పాఠము

పఠన భాగము: అపొ. కార్యములు 18:1-4, 18-28, రోమా 16:3-5

ఆంగ్లము బోధించుటకై భార్యాభర్తలు కలిసి విదేశములకు పోవుట నేడు అరుదైన సంగతి కాదు. కొందరు జీతము కొరకు పోవుదురు. కొందరు పరిచర్య యని పోవుదురు. అనేకులు రెండును కోరి పోవుదురు. రెండును కోరుట తప్పు కాదు. అయితే ఒకరికి ఉద్యోగపత్రము రాగానే ఇద్దరికిని పిలుపు వచ్చినదని తలంచుట సరియేనా? తాము నేర్పవలసినదానినే యెంచుకొని, అక్కడ తాము నేర్చుకొనవలసినదానిని మరచుట తగునా? ఈ రెండు ప్రశ్నలకును ఒక్కటే ఉత్తరము కలదు. నేర్పబోవువాడు ముందుగా వినవలెను.

1. విని, పిమ్మట నేర్పిన దంపతులు

అకుల పొంతు దేశపు యూదుడు. క్లౌదియ చక్రవర్తి యూదులను రోమానుండి వెళ్లగొట్టగా, ఇంచుమించు క్రీ.శ. 49లో, అతడు భార్యయైన ప్రిస్కిల్లతో కొరింథు చేరెను. తరువాత వారు ఎఫెసునకు పోయిరి. పిమ్మట మరల రోమాలో కనబడుదురు. క్రొత్త నిబంధనలో వీరి పేర్లు ఆరుమారులు వచ్చును. ఆరుమారులును జంటగానే వచ్చును. కొన్నిచోట్ల అతని పేరు ముందు, కొన్నిచోట్ల ఆమె పేరు ముందు. ఒకరు పనివారు, మరియొకరు వెంటవచ్చినవారు అను భేదము లేదు. డేరాలు కుట్టు వృత్తి ఇద్దరిది, సంఘము కూడుకొనిన యిల్లు ఇద్దరిది, బోధయు ఇద్దరిదే.

అపొల్లో విద్వాంసుడు, వాక్చాతుర్యము గలవాడు. అయినను అతనికి యోహాను బాప్తిస్మము మాత్రమే తెలిసియుండెను. ఈ దంపతులు సమాజమందిరములో అతని మాటలు మొదట వినిరి. పిమ్మట అతనిని తమయొద్దకు పిలుచుకొని, కొరతగా నున్నదానిని తెలియజెప్పిరి. నలుగురి యెదుట తప్పుపట్టలేదు. భాషోపాధ్యాయుడు దినమెల్ల ఇతరుల తప్పులు దిద్దువాడు గనుక ఈ మాదిరి అతనికి మరింత అవసరము. సిగ్గుపడిన నోరు ఏ భాషయు నేర్వజాలదు.

2. శ్రీరాంపూరునందలి రెండు కుటుంబములు

1793లో విలియం కేరీ బెంగాలునకు బయలుదేరునప్పుడు భార్య డొరతీ తాను రానని మొదట చెప్పెను. చివరకు పరుల బలవంతముమీద ఒప్పుకొని, సోదరిని వెంటబెట్టుకొని ఓడ యెక్కెను. స్థిరమైన యిల్లు లేదు. చేతిలో ధనము లేదు. 1794లో ఐదేండ్ల కుమారుడు పీటరు మరణించెను. ఆమె మనస్సు చెదరిపోయెను; 1807లో కన్నుమూయువరకు ఆమె కోలుకొనలేదు. కేరీ చేసిన కార్యములను కొనియాడువారు ఈ స్త్రీ చెప్పిన మొదటి మాటనుకూడ జ్ఞాపకముంచుకొనవలెను. నింద మోపుటకు కాదు, నేర్చుకొనుటకు.

1799లో శ్రీరాంపూరు చేరిన జాషువా మార్ష్‌మన్, హన్నా దంపతుల చరిత్ర వేరు. జాషువా మొదట నేతపని చేసి, పిమ్మట బ్రిస్టలులో బడి నడిపినవాడు. 1800లో ఈ దంపతులు వసతి పాఠశాలలు తెరచిరి. బాలుర పాఠశాల ఆయనది, బాలికల పాఠశాల ఆమెది. అందు చదివినవారు ఎక్కువగా ఐరోపీయుల బిడ్డలు, ఆంగ్లో ఇండియను బిడ్డలు. వచ్చిన ఆదాయమును తమకొరకు దాచుకొనక మిషను ఉమ్మడి నిధికి ఇచ్చివేసిరి. ఆ మిషను ముద్రాలయమునుండియే 1818లో తెలుగు క్రొత్త నిబంధన వెలువడెను.

మరియొక సంగతి గమనింపదగినది. ఆంగ్ల పాఠశాలవలన జీవించిన ఈ మార్ష్‌మనే, 1816లో దేశీయ పాఠశాలలనుగూర్చి వ్రాసిన పుస్తకములో, ఈ దేశపు బిడ్డలకు వారి స్వభాషయందే విద్య నేర్పవలెనని వాదించెను. తన భాషను నేర్పి బ్రదికినవాడు పరుల భాషను చిన్నచూపు చూడలేదు.

3. నేడు పోవువారు చూచుకొనవలసినవి

మొదటిది, ఇంటిలోని మాట. అనేక దేశములలో ఉపాధ్యాయునికి పని చేయు అనుమతి దొరకును. వెంటవచ్చిన భార్యకు గాని భర్తకు గాని నివసించుటకు మాత్రమే అనుమతి యుండును. స్వదేశమున ఇరువది మంది సహోద్యోగుల మధ్య పనిచేసిన స్త్రీ అక్కడ నాలుగు గోడల మధ్య దినము గడపవలసి వచ్చును. ఒప్పందముపై సంతకము చేయకముందే ఈ సంగతి దంపతులు విప్పి మాటలాడుకొనవలెను. మౌనమును సమ్మతిగా ఎంచరాదు.

రెండవది, పనియందలి నిజాయితీ. ఆంగ్లము మాటలాడ నేర్చినంతమాత్రమున దానిని బోధించు నేర్పు కలుగదు. కేంబ్రిడ్జివారి సెల్టా ధ్రువపత్రమునకే కనీసము 120 గంటల శిక్షణయు, అందులో 6 గంటల బోధనాభ్యాసమును కావలెను. ఉపాధ్యాయుడనని అనుమతి పొంది, పాఠమును ముసుగుగా వాడుకొనుట సత్యమునకు సాక్ష్యము కానేరదు. అకుల కుట్టిన డేరా వానకు కారినయెడల అతని బోధను ఎవరు నమ్మియుందురు? మార్కులు వేయు చేతిలో అధికారమున్నది గనుక, విద్యార్థి విశ్వాసమును ఆ అధికారముతో ఒత్తిడి చేయకూడదు. అడిగినవానికి ఉత్తరమిచ్చుట వేరు, అడుగక తప్పని స్థితిలో నిలుపుట వేరు.

మూడవది, ఆ దేశపు భాష. మాట అర్థముకానిచోట చెప్పువాడును వినువాడును ఒకనికొకడు పరదేశులగుదురని పౌలు కొరింథీయులకు వ్రాసెను (1 కొరింథీ. 14:11). దినమున ఒక గంట ఆ దేశపు భాష నేర్చుకొను ఉపాధ్యాయునికి తన విద్యార్థుల తొట్రుపాటు అర్థమగును. కూరగాయలమ్మువానియొద్ద తప్పుగా మాటలాడి నవ్వబడినవాడు మరుసటి దినము తరగతిలో మృదువుగా దిద్దును.

ఆలోచించుటకు

1. అపొల్లో విషయములో అకుల ప్రిస్కిల్లలు అనుసరించిన క్రమమేమి? అందులో మొదటి క్రియ యేది?
2. ప్రయాణమునుగూర్చి జీవిత భాగస్వామి చెప్పక దాచుకొనిన మాట యేదైన గలదా? దానిని వినుటకు సమయమిచ్చితిరా?
3. బోధించు అవకాశము తీసివేయబడినను, ఆ దేశ ప్రజలను ప్రేమించి అక్కడ నుండుటకు ఇద్దరును ఇష్టపడుదురా?

ప్రార్థనాంశము: దూరదేశములలో పాఠములు చెప్పుచున్న దంపతుల కొరకు, విశేషముగా వారిలో పని లేక యింటిలో ఒంటరిగా నున్నవారి కొరకు ప్రార్థించుడి.