మన నౌకాదళం - మరువరాని ఘట్టాలు

సముద్రం ఎక్కడో, మనమెక్కడో అని ఖమ్మం, భద్రాచలం అడవి పల్లెల్లో పుట్టిన మనమంతా అనుకుంటాం. కానీ గోదావరి ఒడ్డు అడవుల టేకు దుంగలు ఒకప్పుడు తెప్పలుగా తేలుతూ కిందికి పోయేవి. 17వ శతాబ్దంలో నర్సాపురం దగ్గర అలాంటి కలపతో సముద్రపు ఓడలు కట్టేవారు. అందుకే ఈ వార్షికోత్సవ సంచికకు నౌకాదళ చరిత్రను ఎంచుకున్నాం. తేదీలు పోటీ పరీక్షలకు పనికొస్తాయి. వాటి వెనుక ఉన్న మామూలు నావికులను కూడా తమ్ముళ్లు, చెల్లెళ్లు గుర్తుపెట్టుకోవాలని మా కోరిక.

1946 - తిండి దగ్గర మొదలైన సమ్మె

అప్పుడు దాని పేరు రాయల్ ఇండియన్ నేవీ. పై అధికారులు ఎక్కువగా ఆంగ్లేయులు, కింది నావికులు మనవాళ్లు. జీతంలో, తిండిలో, మర్యాదలో తేడా ఉండేది. ఒక అధికారి జాతి పేరుతో తిట్టిన తిట్లకు నావికులు అప్పటికే మండిపడుతున్నారు. ఫిబ్రవరి 18న బొంబాయిలోని 'తల్వార్' శిక్షణ కేంద్రంలో నాసిరకం తిండి ముట్టకుండా సమ్మెకు దిగారు. అది కరాచీ, కలకత్తా, మద్రాసు, మన విశాఖపట్నం దాకా పాకింది. 78 ఓడలు, 20 తీర స్థావరాలు, సుమారు 20 వేల మంది నావికులు అందులో పాల్గొన్నారు. సమ్మె సంఘానికి ఎం.ఎస్. ఖాన్ అధ్యక్షుడు, మదన్ సింగ్ ఉపాధ్యక్షుడు. కాంగ్రెస్, ముస్లిం లీగ్, కమ్యూనిస్టు జెండాలు ఓడలపై కలిసి ఎగిరాయి. పటేల్ నచ్చజెప్పాక ఫిబ్రవరి 23న లొంగిపోయారు. వందలమంది కొలువులు పోయాయి. స్వాతంత్ర్యం వచ్చాక కూడా వాళ్లను తిరిగి తీసుకోలేదు. కంచంలో ఏం పెడుతున్నారో చూస్తే మనిషికి ఎంత విలువ ఇస్తున్నారో తెలుస్తుందని హాస్టల్లో పెరిగిన మనకు వేరే చెప్పాలా?

1971 - విశాఖ తీరంలో

విమాన వాహక నౌక 'విక్రాంత్'ను ముంచడానికి పాకిస్తాన్ 'ఘాజీ' అనే జలాంతర్గామిని పంపింది. తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ విక్రాంత్‌ను రహస్యంగా అండమాన్ వైపు పంపేశారు. అది విశాఖ దగ్గరే ఉందని శత్రువు నమ్మేలా 'రాజ్‌పుత్' అనే పాత ఓడ నుంచి వైర్‌లెస్ సందేశాలు పంపించారు. ఘాజీ విశాఖకు వచ్చింది. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పేలుడుతో మునిగిపోయింది. రాజ్‌పుత్ వేసిన నీటిబాంబుల వల్లనని మన నౌకాదళం, తన మందుపాతర్ల వల్లనని పాకిస్తాన్ చెబుతాయి.

డిసెంబరు 4 రాత్రి నిపట్, నిర్ఘాట్, వీర్ అనే చిన్న క్షిపణి పడవలు కరాచీపై దాడి చేశాయి. అందుకే ఏటా డిసెంబరు 4న నౌకాదళ దినోత్సవం జరుపుతారు. గెలుపులోనూ కన్నీళ్లున్నాయి. డిసెంబరు 9న మన 'ఖుక్రీ' టార్పెడో దెబ్బకు మునిగింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తనవాళ్లను బయటికి పంపుతూ తాను ఓడతోనే ఉండిపోయారు. ఆయనతో కలిపి 18 మంది అధికారులు, 176 మంది నావికులు చనిపోయారు. ఆ 176 పేర్లు ఏ పాఠ్యపుస్తకంలోనూ మేము చదవలేదు.

ఈనాడు మన కోసం

2022 నుంచి నావికుల నియామకం అగ్నిపథ్ పద్ధతిలో జరుగుతోంది. ఆడపిల్లలకూ అవకాశం వచ్చింది. వారి మొదటి బ్యాచ్ 2023 మార్చిలో ఒడిశాలోని చిల్కాలో శిక్షణ పూర్తి చేసుకుంది. పదో తరగతితో కొన్ని పోస్టులు, లెక్కలు, భౌతికశాస్త్రంతో ఇంటర్ చదివినవారికి మరికొన్ని ఉంటాయి. అయితే నాలుగేళ్ల తర్వాత నలుగురిలో ఒకరికి మించి ఉంచుకోరు. ఇది తెలిసే దరఖాస్తు పెట్టండి, చదువు మాత్రం ఆపకండి.

మాలో చాలామందిమి ఇంటికి మొదటి పట్టభద్రులం. దారి చూపేవాళ్లు లేక ఏ నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందో కూడా మాకు తెలిసేది కాదు. మీకు మేమున్నాం. విశాఖ వెళ్తే బీచ్ రోడ్డులో 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్న 'కుర్సురా' జలాంతర్గామిలోకి తప్పక వెళ్లండి. నావికులు పడుకున్న ఇరుకు చోటును ఒక్క నిమిషం ఆగి చూడండి.