జాంగల దేశమునకు తగిన పచ్చదనము: పచ్చిక బయలుకు బదులు నేలను కప్పు ఓషధులు

ఆయుర్వేదము భూమిని మూడు విధములుగా విభజించినది. నీరు, చెట్లు సమృద్ధిగా ఉండి కఫము ప్రబలునది ఆనూప దేశము. నీరు, చెట్లు తక్కువగా ఉండి ఎండ, గాలి ఎక్కువై వాతపిత్తములు ప్రబలునది జాంగల దేశము. ఈ రెండింటి లక్షణములు కలిసి ఉండునది సాధారణ దేశము. ప్రకాశం పశ్చిమ ప్రాంతమున వెలిగండ్ల, కనిగిరి, మార్కాపురం పరిసరములను చూచిన వైద్యుడెవరైనను, నల్లమల అడవిని ఆనుకొని ఉన్న కొన్ని పల్లెలను మినహాయించి, ఇది జాంగల దేశమని చెప్పుటకు సందేహింపడు.

ఆహారము, విహారము, ఔషధము దేశమునకు తగినవిగా ఉండవలెనని మన శాస్త్రము పదే పదే చెప్పును. పెరటి మొక్కకు కూడ ఈ నియమము వర్తించును. కాని కొత్తగా ఇల్లు కట్టుకొన్నవారు, పాఠశాలలు, కార్యాలయములు కట్టించినవారు ముందుగా కోరునది పచ్చిక బయలు, అనగా లాన్. ఏడాది పొడవునా చినుకు పడుచు, ఎండ మందముగా ఉండు ఇంగ్లాండు దేశపు అలవాటు ఇది. దొరల బంగళాలతో పాటు మన దేశమునకు వచ్చినది. దానిని వెలిగండ్లలో పెంచబూనుట ఆనూప దేశమును గొట్టముతో తెచ్చి జాంగల దేశమున పోయుట వంటిది.

లెక్క చూడుడు. ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు మందమున నీరు నిలుపుటకు ఒక లీటరు కావలెను. మే నెల ఎండలో పచ్చిక వాడిపోకుండుటకు రోజుకు సుమారు 5 మిల్లీమీటర్ల తడి అవసరము. వంద చదరపు మీటర్లకు, అనగా దాదాపు రెండున్నర సెంట్ల స్థలమునకు, దినమునకు 500 లీటర్లు. 2019లో ప్రారంభమైన జల జీవన్ మిషన్ గ్రామములలో మనిషికి రోజుకు 55 లీటర్ల నీటిని లక్ష్యముగా పెట్టుకొన్నది. కావున ఆ చిన్న పచ్చిక త్రాగునది తొమ్మిదిమంది వాటా.

ఆ నీరు ఎక్కడిది? చాలచోట్ల లోతైన బోరుబావిది. ఇక్కడి వారికి బోరు నీటి సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. మన దేశమున ఫ్లోరోసిస్ వ్యాధి 1937లో తొలిసారిగా వైద్యపత్రికకెక్కినది ఆనాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెల నుండియే. 1970లో కొత్త జిల్లా ఏర్పడువరకు వెలిగండ్లతో కూడిన కనిగిరి తాలూకా ఆ జిల్లాలోనిదే. రాతిపొరలలో చిరకాలము నిలిచిన నీటిలో ఫ్లోరైడు కరుగుటకు అవకాశము అధికము. పై నీటిని అలంకారమునకు తోడివేసి, త్రాగుటకు మరింత లోతుకు పోవుట ఆరోగ్యము కోరువారు చేయదగిన పని కాదు.

అట్లని నేలను బోడిగా వదలవలెనా? మన పెద్దలు వాకిలిని ఊడ్చి, పేడనీళ్ళు కల్లాపి చల్లి శుభ్రముగా ఉంచినారు. పాము, తేలు కంటబడుటకు, ధాన్యము ఆరబోసుకొనుటకు అది తగిన పద్ధతియే. కాని నిత్యము ఊడ్చువారు లేని చోట బోడినేల దుమ్మును లేపును, వాన పడినంతనే వయ్యారిభామకు నిలయమగును. ఆ మొక్క తాకిన కొందరికి చర్మమున దద్దురు, దురద పుట్టును. పుప్పొడి వలన ఆయాసము కలుగువారు కూడ కలరు. ఆ చోటును ముందుగానే ఓషధులతో నింపుట మేలు.

ఏ మొక్కలు?

మొదట చెప్పవలసినది గరిక. పచ్చిక అనగానే సీమ గడ్డిని తలచువారు మన దూర్వను మరచుట చిత్రము. దీని కాడలు నేలపై ప్రాకి కణుపు కణుపున వేరు దిగును. భూమిలోని దుంపకాడలు కరువును ఓర్చుకొనును. వేసవిలో గోధుమ రంగునకు తిరిగినను చావదు, ఒక వాన పడిన వారములో చిగురించును. ఎండాకాలమున అది ఎండియుండుటను సహించుటయే దానికి మనము చేయు సేవ. గరికను, పచ్చి పసుపును నూరి దురదలపై పూయుట ఇంటింటి వైద్యము. ముక్కు నుండి రక్తము కారునపుడు గరిక రసమును వాడుట ప్రాచీనము.

పిల్లలు నడచు చోటికి నా అభిప్రాయమున బొక్కెనాకు ఇంకను శ్రేష్ఠము. సంస్కృతమున జలపిప్పలి, శాస్త్రీయ నామము ఫైలా నోడిఫ్లోరా. చెరువుగట్ల మీద, కాలువల అంచున సహజముగా కనబడును. పేరులో జలము ఉన్నను, వేరూనిన పిదప చాలనాళ్ళు తడి లేకున్నను బ్రతుకును. కొంత ఉప్పునేలను కూడ ఓర్చును. చాపవలె పరచుకొని, తెలుపు ఊదా కలిసిన చిన్న పూలు పూయును. అమెరికాలోని కాలిఫోర్నియాలో దీనిని పచ్చికకు బదులుగా చాలకాలముగా పెంచుచున్నారు. ఆస్ట్రేలియాలో దీనికి దగ్గరి బంధువైన మరియొక ఫైలా జాతి మొక్క ముర్రే, డార్లింగ్ నదుల వరదభూములను ఆక్రమించి కలుపుగా మారినది. కావున పంటకాలువ ప్రక్కన దీనిని తెచ్చి పెట్టకుడు. పూలకు తేనెటీగలు వచ్చును. చిన్నపిల్లలు చెప్పులు లేక తిరుగు చోట పూలను ఎప్పటికప్పుడు కోసివేయవలెను.

రాతినేలకు విష్ణుక్రాంతము. వెండినూగు గల చిన్న ఆకులు, ఉదయము విచ్చి మధ్యాహ్నమునకు ముడుచుకొను నీలి పూలు. వినాయకచవితి పత్రిలో దీని పేరు వినని తెలుగువారు లేరు. మేధ్యమని, అనగా బుద్ధికి మేలు చేయునని ప్రసిద్ధి. శంఖపుష్పి పేరిట కొన్ని ప్రాంతములలో దీనినే వాడుదురు. కాని అధికారిక ఆయుర్వేద ఔషధ సంహితలో శంఖపుష్పి వేరు మొక్క. ఇది త్రొక్కుడును అంతగా సహింపదు, నడవని మూలలలో పెంచవలెను.

పునర్నవ గురించి కొంత వివరముగా చెప్పవలెను, ఏలనన ఇక్కడనే పొరపాటు జరుగును. తెలుగున అటికమామిడి అనునది బహువార్షికము. లావైన వేరు లోతుకు దిగి, వేసవిలో పై కాడలు ఎండినను వానకు మరల క్రొత్తగా పుట్టును. పేరునకు అర్థమదే. చరకుడు దీనిని వయఃస్థాపన గణమున చేర్చినాడు. వాపులను తగ్గించుటకు, మూత్రమును జారీ చేయుటకు ప్రసిద్ధము. లేత ఆకును పప్పులో వండుకొందురు. గలిజేరు అను పేరుతో మరియొక కండగల ఆకుల మొక్క కూడ పిలువబడును. అది ఏకవార్షికము, నేలను నిలువుగా కప్పియుంచదు, గుణములోను ఒకటి కాదు. అటికమామిడికి ఆకు అడుగు పాలిపోయి ఉండును, సన్నని కాడల చివర చిన్న గులాబీ పూలు పూయును, జిగురుగల గింజలు బట్టలకు అంటుకొనును. గర్భిణులు రెండింటిని ఔషధముగా వాడరాదు. గుండె, మూత్రపిండముల వ్యాధులకు మాత్రలు మ్రింగువారు వైద్యుని అడుగక పునర్నవ రసమును త్రాగరాదు.

చెట్టునీడన వాము ఆకు చక్కగా పరచుకొనును. సరస్వతి ఆకు మాత్రము ఆనూప దేశపు మొక్క. దానిని ఎండలో పెట్టి నీరు పోయుటకన్న, తొట్టి ప్రక్కన నీడగల తడిచోట నాలుగు మొక్కలతో సరిపెట్టుకొనుట మంచిది.

నాటు విధము

ఈ ప్రాంతమునకు ఈశాన్య ఋతుపవనముల వాన కూడ ముఖ్యము. హస్త, చిత్త, స్వాతి కార్తెలలో నాటిన మొక్కకు చలికాలమంతయు వేరూనుటకు వ్యవధి దొరకును. వేసవిలో నాటుట వృథా. మట్టిని జానెడు లోతున గుల్లచేసి, వయ్యారిభామను పూతకు ముందే చేతికి తొడుగు వేసుకొని వేరుతో పెరికి, మాగిన పశువుల ఎరువు కొద్దిగా కలుపవలెను. కణుపులు గల కాడలను జానెడు ఎడముతో నాటి, మధ్య నేలపై వేరుశనగ పొట్టు పరచవలెను. నడకదారికి మార్కాపురం పలకరాతి ముక్కలు పరచినచో మొక్కలు త్రొక్కుడు నుండి బ్రతుకును. మొదటి రెండు మూడు నెలలు బియ్యము, కూరలు కడిగిన నీరు చాలును. సబ్బునీరు వలదు. తరువాత తడిని క్రమముగా తగ్గించవలెను. తరచుగా కొద్దికొద్దిగా తడిపిన వేరు పైననే ఉండిపోవును, అరుదుగా నిండుగా తడిపినది లోతుకు పోవును. మొదటి వేసవిలో పది, పదిహేను దినములకొక తడి ఇచ్చిన చాలును. మేకలకు అడ్డముగా కంప వేయుట మరువకుడు.

గడపను ఆనుకొని మూడు, నాలుగు బారల వరకు నేలను పూర్వమువలె శుభ్రముగానే ఉంచుడు. ఓషధుల చాపను బెత్తెడు ఎత్తు మించకుండ కత్తిరించుడు. పొడుగు పెరిగిన చోట పురుగుపుట్ర చేరును. మందు కొరకు కోయు భాగమును కుక్కలు, కోళ్ళు తిరుగని చోట, కలుపుమందు తగులని చోట ఉంచుడు.

కోసిన ఆకుతో కషాయము కాచుకొనువారు నీటిని గూర్చి ఒక్క మాట గమనింపవలెను. కాచుట వలన క్రిములు చచ్చునుగాని ఫ్లోరైడు పోదు. లీటరు నీటిని పావులీటరుకు ఇంకించినపుడు ఆ లీటరులోని ఫ్లోరైడు దాదాపు అంతయు ఆ పావులీటరులోనే మిగులును. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు గల నీరు అట్లు ఆరు మిల్లీగ్రాముల సాంద్రతకు చేరును. కావున ఇక్కడ కషాయమునకు బోరునీరు పనికిరాదు. మిద్దెపై పడిన వాననీటిని, మొదటి వానలను వదలి, శుభ్రమైన మూతగల తొట్టిలో పట్టి వడగట్టి వాడుడు. అది లేనిచో ఫ్లోరైడు తొలగించిన త్రాగునీటితో కాచుకొనవలెను.