రసీదు లేదని వీసా డబ్బులు వదులుకోవద్దు

ప్రశ్న: మా ఆయన దోహాలో షట్టరింగ్ కార్పెంటర్. ఏడాది కింద వెళ్లేటప్పుడు మా పక్క ఊరి ఏజెంటుకు లక్షా పది వేలు ఇచ్చాం. ఇరవై వేలు ఫోన్‌పే చేశాం, మిగతాది మిత్తికి తెచ్చి చేతికిచ్చాం. రసీదు ఇయ్యలేదు. పైగా విమానం ఎక్కే ముందు ‘నేను ఎవరికీ పైసా ఇయ్యలేదు’ అని ఫోన్‌లో వీడియో తీయించుకున్నారు. ఇప్పుడు కంపెనీ వాళ్లు ‘వీసాకు ఎంత కట్టినవ్?’ అని అడుగుతున్నారట. ఏం చెప్పాలి? ఆ డబ్బు వాపస్ వస్తుందా?
– ఒక సోదరి, జగిత్యాల జిల్లా

సమాధానం: ఉన్నది ఉన్నట్టు చెప్పమనండమ్మా. కంపెనీ అలా అడుగుతోందంటే తిరిగి ఇచ్చే ఆలోచన ఉండి ఉండవచ్చు. ‘ఏమీ కట్టలేదు’ అని సంతకం పెడితే ఆ తలుపు మీరే మూసుకున్నట్టు. ఒక్కరే చెప్పడానికి జంకితే, అదే ఏజెంటు ద్వారా వెళ్లిన నలుగురూ కలిసి చెప్పాలి.

వీసా డబ్బు ఇలా తిరిగి ఇవ్వడం కొత్త సంగతేమీ కాదు. ఖతార్ కార్మిక చట్టం (2004) 33వ అధికరణం ప్రకారం అక్కడ లైసెన్సున్న నియామక ఏజెన్సీ కార్మికుడి నుంచి ఏ ఖర్చూ వసూలు చేయకూడదు. కానీ వసూళ్లు ఎక్కువగా జరిగేది మన ఊళ్లలో. అందుకే 2022 ప్రపంచ కప్ స్టేడియాల పనుల్లో నిర్వాహక కమిటీ కాంట్రాక్టర్లతో మాట్లాడి, ఆ సొమ్మును జీతంతో పాటు నెలనెలా వాయిదాల్లో ఇప్పించింది. రసీదు చూపమని కార్మికులను అడగలేదు. 2021 డిసెంబరు నాటికి 2.26 కోట్ల డాలర్లు అలా తిరిగి అందాయి.

ఇక ఇక్కడి ఏజెంటు సంగతి. మన ఎమిగ్రేషన్ చట్టం (1983) కింద రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగిన సర్వీసు చార్జీ గరిష్ఠంగా రూ.30,000. 18 శాతం జీఎస్టీతో కలిపి రూ.35,400. మెడికల్, బీమా లాంటి ఖర్చులుంటే వాటికి విడిగా లెక్క చూపాలి. అంతకు మించి వసూలు చేస్తే 24వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు. రిజిస్ట్రేషనే లేని వాడైతే మనుషుల్ని పంపే పని చేయడమే నేరం. అతను రిజిస్టరయ్యాడో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఇప్పుడే చూడండి.

మీరు గుర్తుంచుకోవాల్సిన మాట ఇంకొకటి. ఈ చట్టం కింద కేసు నడపడానికి మామూలుగా కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. అయితే బాధితుడి తరఫున తల్లిదండ్రులు, భార్య, పిల్లలు, తోబుట్టువులు ఫిర్యాదు చేస్తే 27వ సెక్షన్ ప్రకారం ఆ అనుమతి అక్కర్లేదు. అంటే ఆయన దోహాలో ఉండగానే మీరు ఫిర్యాదు చేయవచ్చు.

సాక్ష్యం రసీదు ఒక్కటే కాదు. ఫోన్‌పే వివరాలున్న బ్యాంకు స్టేట్‌మెంటు, అప్పు తెచ్చినప్పుడు రాసిన ప్రామిసరీ నోటు, బంగారం కుదువ పెడితే ఆ చీటీ, ఏజెంటు పంపిన వాట్సాప్ వాయిస్ మెసేజీలు, డబ్బు ఇచ్చేటప్పుడు పక్కనున్న మనిషి మాట... ఇవన్నీ పనికొస్తాయి. బలవంతాన తీయించిన వీడియో వీటన్నిటినీ కొట్టేయలేదు. ఫోన్ మార్చేటప్పుడు ఆ మెసేజీలు పోకుండా చూసుకోండి.

ఏ తేదీన ఎంత, ఎవరి చేతికి ఇచ్చారో ఒక కాగితం మీద రాసి, ఠాణాలో ఫిర్యాదు ఇవ్వండి. ఒక ప్రతి హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయానికి పంపండి. మీ ఆయన దోహా నుంచే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. వకీలు ఖర్చు గురించి దిగులు వద్దు. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలందరికీ జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 15100కు ఫోన్ చేయండి.

డబ్బు రాబట్టే దావాకైనా, ఈ నేరంపై కేసుకైనా గడువు మూడేళ్లే. మీకు ఒక ఏడాది అప్పుడే గడిచిపోయింది. ఆయన సెలవు మీద వచ్చేదాకా ఆగకండి.