బెన్యామీను గోనెలోని గిన్నె

చదువవలసిన భాగములు: ఆదికాండము 44, మత్తయి 26:47–56, యోహాను 7:45–52.

యోసేపు గృహనిర్వాహకుడు ఒక్కొక్క గోనె విప్పించి చూచుచు రాగా, కడపట బెన్యామీను వంతున వెండి గిన్నె బయటపడెను. సొత్తు దొరికినది. చూచిన కన్నులు ఎన్నో ఉన్నవి. పట్టుబడినవాడు నోరు విప్పినట్టు కూడ వ్రాయబడలేదు. మన ఊరి రచ్చబండమీద ఈ వ్యాజ్యెము పెట్టినయెడల తీర్పునకు గడియసేపు పట్టదు. అయినను బెన్యామీను దొంగ కాడు. గిన్నె ఎవరు పెట్టించిరో చదువరులమగు మనకు తెలియును గాని, ఆ దారిని నిలిచియున్న అన్నలకు తెలియదు.

మన మధ్య జరుగు సంగతి ఆలోచింతము. ఏదో గ్రామములో రాత్రివేళ కత్తులతో ఇంటిలో జొరబడి బంగారము దోచుకొనిపోయిరని వినుదుము. నాలుగు దినములకు మన పేటలోనికి జీపు వచ్చి ఒక పడుచువానిని ఎక్కించుకొని పోవును. జీపు మలుపు తిరుగక మునుపే వానికి దొంగ అను పేరు వచ్చును. ఆదివారము వాని తల్లి గుడికి వచ్చినచో, చాపమీద ఆమె ప్రక్క చోటు ఖాళీగా నుండును.

అరెస్టు అనగా అనుమానము, తీర్పు కాదు. గెత్సేమనేకు కత్తులు గుదియలు పట్టుకొని వచ్చినవారు బందిపోటుమీదికి వచ్చినట్టే వచ్చిరి. అరెస్టును బట్టి మనిషిని తూచరాదని మనకు వేరుగా ఎవరు చెప్పవలెను?

అయిదుగురు గాని అంతకు మించి గాని కలిసి చేసిన దోపిడిని మన చట్టము బందిపోటు దోపిడి అనును. దానికి యావజ్జీవ శిక్ష వరకు పడవచ్చును. శిక్ష ఇంత పెద్దదైనందుననే ఋజువు గట్టిగా నుండవలెను. నేరము ఘోరమైనది గనుక ఋజువు కొంచెమైనను చాలునని తలంచుట తలక్రిందుల మాట. పట్టుకొన్న కారణము చెప్పవలెననియు, వకీలును కలిసికొననియ్యవలెననియు, ప్రయాణకాలము గాక 24 గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట నిలువబెట్టవలెననియు రాజ్యాంగము 22వ అధికరణము చెప్పుచున్నది. నేరము ఋజువు చేయు భారము ప్రభుత్వ పక్షముదే.

“పోలీసులయొద్ద ఒప్పుకొన్నాడట” అని పత్రికలో చదివి మనము తల ఊపుదుము. పోలీసు అధికారియెదుట చేసిన ఒప్పుకోలును నిందితునిమీద ఋజువుగా చూపరాదని 1872 నాటి సాక్ష్య చట్టమే చెప్పెను. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 23వ సెక్షనులో అదే మాట నిలిచియున్నది. దెబ్బలకు ఓర్వలేక మనుష్యుడు ఏమైనను ఒప్పుకొనునని ఆ చట్టము వ్రాసినవారు ఎరుగుదురు. అయితే వాడు చెప్పిన జాడను బట్టి సొత్తు దొరికినయెడల, ఆ జాడ చెప్పిన మాటమట్టుకు కోర్టు వినవచ్చును.

మరి గోనెలో గిన్నె దొరికినవాని గతి ఏమి? దోపిడి జరిగిన కొద్దికాలములోనే ఆ సొత్తు ఒకనియొద్ద దొరికి, వాడు సంగతి చెప్పుకొనలేనియెడల, వాడే దొంగ లేక దొంగసొత్తని తెలిసి పుచ్చుకొన్నవాడు అని కోర్టు ఊహింపవచ్చును. ఊహింపవచ్చును, అంతే, ఊహించి తీరవలెనని లేదు. వాడు చెప్పుకొనుటకు చోటు మిగిలియున్నది.

ఇంకొక సంగతి మనవారు గమనింపరు. దోపిడికి గురియైనవారు ముసుగు లేని దొంగను చూచినయెడల, అదే ఈడు, అదే పోలిక గల పదిమంది నడుమ వానిని గుర్తుపట్టుమని మేజిస్ట్రేటు అడుగును. ఈలోగా వాని ఫోటోను మనము ఫోనులో ఊరూరికి పంపినచో ఆ గుర్తింపునకు విలువ పోవును. నిర్దోషికి అన్యాయము జరుగవచ్చును; నిజమైన దొంగ తప్పించుకొనను వచ్చును. సొమ్ము పోయిన ఇంటివారికే నష్టము.

2003లో మహారాష్ట్రలోని నాసిక్ ప్రాంతములో దొంగలు ఒక పేద కుటుంబముమీద పడి దోచి, అయిదుగురిని చంపిరి. ఆరుగురిని పట్టుకొనిరి. 2006లో ఆరుగురికిని ఉరిశిక్ష పడెను. 2009లో సుప్రీంకోర్టు సహా అదే చెప్పెను. 2019 మార్చిలో అదే కోర్టు తన తీర్పును మరల చూచి, ఆరుగురును నిర్దోషులని విడిచిపెట్టి, ఒక్కొక్కరికి అయిదు లక్షల రూపాయలు ఇయ్యవలెనని ఆజ్ఞాపించెను. బ్రదికి బయటపడిన సాక్షి మొదట పోలీసుల ఫోటోలలో వేరే నలుగురిని గుర్తించియుండెను. వారిని ఎవరును వెదుకలేదు. పట్టుబడినవారు సంచార జాతుల నిరుపేదలు. పదునారు ఏండ్లు గడిచినవి. 2009లోనే ఉరి తీసియున్నచో, 2019 తీర్పు ఎవరిని విడిచిపెట్టును?

వారి జాతియే వారికి శత్రువాయెను. విచారింపకుండ శిక్ష నిర్ణయించుట ధర్మశాస్త్రములో ఎక్కడ నున్నదని నీకొదేము అడిగినప్పుడు, పరిసయ్యులు న్యాయమును గూర్చి జవాబియ్యక గలిలయ పేరెత్తిరి. ఊరి పేరు చెప్పి తీర్పు తీర్చుట అంత పాతది. మన తెలుగు దేశములోను అది జరిగెను. 1871లో ఆంగ్ల ప్రభుత్వము కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులని చట్టము చేసెను. 1911 చట్టముతో అది మద్రాసు రాజధానికిని వచ్చెను. బాపట్ల దగ్గర స్టువార్టుపురములో ఎరుకల కుటుంబములను ఉంచి, ఆ పనిని రక్షణ సైన్యమునకు అప్పగించిరి. క్రైస్తవ పనివారు అక్కడ బడి పెట్టిరి, సేద్యము నేర్పిరి. కాపలా చూచుటయు వారి చేతిలోనే ఉండెను. రెండును చెప్పుకొనుట న్యాయము. ఆ చట్టము 1952లో దేశమంతట రద్దాయెను. ఊరి పేరు వినగానే కనుబొమలు ముడుచుట మాత్రము ఏ చట్టముతోను రద్దు కాలేదు.

యూదా గిన్నెను గూర్చి వాదింపలేదు. చిన్నవాడు రానియెడల ముసలి తండ్రి ఏమగునో చెప్పి, వాని బదులు తాను నిలిచెదననెను. మనము అంత చేయనక్కరలేదు. కస్టడీలోనున్న ఎవరికైనను, రాబడితో నిమిత్తము లేకుండ, ప్రభుత్వమే ఉచితముగా వకీలునిచ్చును. 1987 నాటి చట్టము అట్లు చెప్పుచున్నది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టవలెను. చదువురాని తల్లికి ఆ కాగితము వ్రాసిపెట్టుటకును, ఆమెతో కోర్టు మెట్లవరకు నడచుటకును సంఘపెద్దలలో ఒకరు చాలును. అదే వారము ఇంకొక పెద్ద, బంగారము పోగొట్టుకొని రాత్రులు దీపము ఆర్పుటకు భయపడుచున్న ఆ ఇంటికిని వెళ్లవలెను.