బస్సు బోర్డు మీద ‘సింధియా’: మన విశాఖ ఓడల పాఠం

ఈ నెల ఇంటి పాఠం: సాంఘికశాస్త్రం, సైన్సు కలిపి

విశాఖపట్నంలో సిటీ బస్సు ఎక్కిన వాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు ‘సింధియా’ అన్న బోర్డు చూసే ఉంటారు. సింధియాలు ఎక్కడో మధ్యప్రదేశ్‌లోని గ్వాలియర్‌ను పాలించిన రాజులు. ఆ పేరు ఇంత దూరం, మన తీరానికి ఎలా వచ్చింది? ఈ రాత్రి భోజనాల దగ్గర మీ పిల్లలను ఈ ప్రశ్న అడగండి. కాసేపు ఊహించనివ్వండి. ఆ తర్వాత ఈ పాఠం కలిసి చదవండి.

మన ఎస్. రాయవరం మండలంలో సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు రేవుపోలవరం. ఆ ఊరి పేరులోనే రేవు ఉంది. ఓడలు మనకు కొత్త కాదు. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి తన నాణేల మీద రెండు తెరచాపల ఓడ బొమ్మ వేయించాడు. కాకినాడ దగ్గరి కోరంగి, తాళ్లరేవు ప్రాంతం కొయ్య ఓడలకు పేరుపడింది. అయితే కొయ్య ఓడల కాలం పోయి ఆవిరి ఓడలు, ఉక్కు ఓడలు వచ్చాక మన సముద్రం మీద సరుకు మోసే పని బ్రిటిష్ కంపెనీల చేతిలోకి పోయింది.

ఒక పాత ఓడ, ఒక కొత్త కంపెనీ

1919లో వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తం మొరార్జీ మొదలైన బొంబాయి వ్యాపారులు కలిసి ఒక పాత ఓడ కొన్నారు. దాని పేరు ‘లాయల్టీ’. అమ్మినది గ్వాలియర్ మహారాజు సింధియా. అందుకే వాళ్లు పెట్టిన కంపెనీకి సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ అని పేరు వచ్చింది. 1919 ఏప్రిల్ 5న లాయల్టీ బొంబాయి నుంచి లండన్‌కు బయలుదేరింది. ఏటా ఏప్రిల్ 5న మనం జాతీయ నౌకాయాన దినోత్సవం జరుపుకొనేది అందుకే.

అయితే లాయల్టీ మన దేశంలో తయారైన ఓడ కాదు. 1891లో ఇంగ్లండ్‌లో కట్టినది. ఓడ మనదైనా, దాన్ని కట్టే విద్య మన దగ్గర లేదు. కొత్త ఓడ కావాలంటే బ్రిటన్ వాళ్లనే అడగాలి. పోటీ చేయాల్సిందీ వాళ్లతోనే. వాల్‌చంద్‌కు ఈ చిక్కు బాగా అర్థమైంది. ఓడలు కొంటే సరిపోదు, కట్టాలి అనుకున్నారు.

విశాఖే ఎందుకు?

ఓడలు కట్టే చోటికి మూడు కావాలి: లోతైన నీరు, అలల తాకిడి లేని చోటు, ఉక్కు తెచ్చే రైలు. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రానికి అడ్డుగా నిలిచి లోపలి నీటిని కాపాడుతుంది. 1933లో అక్కడ ఓడరేవు మొదలైంది. కలకత్తా–మద్రాసు రైలు మార్గం ఊళ్లోకే ఉంది.

1941 జూన్ 21న డాక్టర్ రాజేంద్రప్రసాద్ సింధియా షిప్‌యార్డుకు శంకుస్థాపన చేశారు. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం సాగుతోంది. మరుసటి ఏడాది, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. యుద్ధం ముగిసే దాకా పని నత్తనడకే నడిచింది.

1948 మార్చి 14న ‘జలఉష’ నీళ్లలోకి దిగింది. సుమారు 8,000 టన్నుల బరువు మోయగల ఓడ అది. జలప్రవేశం చేయించింది ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ. స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి దాదాపు ఏడు నెలలు.

1952లో ప్రభుత్వం ఇందులో ప్రధాన వాటా తీసుకుంది. పేరు హిందుస్థాన్ షిప్‌యార్డు అయింది. 1961 నాటికి పూర్తిగా ప్రభుత్వ సంస్థ అయింది. 2010లో రక్షణ శాఖ కిందికి వెళ్లింది. ఇన్ని మార్పులు జరిగినా జనం నోట, బస్సు బోర్డు మీద మాత్రం ‘సింధియా’ మిగిలిపోయింది.

ఇనుము ఎందుకు మునగదు?

ఇక్కడ సైన్సు పుస్తకం తెరవాలి. ఘనపు మీటరు ఉక్కు దాదాపు 7.85 టన్నులు తూగుతుంది. ఘనపు మీటరు సముద్రపు నీరు సుమారు 1.025 టన్నులు మాత్రమే. మరి ఉక్కు ఓడ ఎలా తేలుతుంది? ఓడ లోపల గాలి ఉంటుంది. తన బరువుకు సమానమైన నీటిని పక్కకు నెట్టే వరకు ఓడ కిందికి దిగి, అక్కడ ఆగుతుంది. ఆర్కిమెడిస్ చెప్పినది ఇదే.

విశాఖలో కట్టిన ‘నిస్తార్’ నౌకను లెక్కకు తీసుకుందాం. లోతు నీళ్లలో పనిచేసే డైవర్లకు, ఆపదలో చిక్కుకున్న జలాంతర్గాములకు సాయం చేయడానికి దీన్ని కట్టారు. 2025 జూలై 18న నౌకాదళంలో చేరింది. పొడవు సుమారు 120 మీటర్లు, బరువు సుమారు 10,000 టన్నులు. 10,000ను 1.025తో భాగిస్తే దాదాపు 9,756 ఘనపు మీటర్లు వస్తుంది. నిస్తార్ అంత నీటిని పక్కకు నెడుతోందన్నమాట. 50 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు ఉన్న ఈతకొలనులో 2,500 ఘనపు మీటర్లు పడతాయి. అలాంటి కొలనులు దాదాపు నాలుగు!

పిల్లలు తికమకపడే చోటు ఒకటుంది. జలఉషకు చెప్పిన 8,000 టన్నులు అది మోసే బరువు. నిస్తార్‌కు చెప్పిన 10,000 టన్నులు అది నెట్టే నీటి బరువు, అంటే ఓడ మొత్తం బరువు. రెండూ టన్నులే అయినా రెండూ ఒకటి కాదు. ఓడల గురించి పత్రికలో చదివినప్పుడు ఇది ఏ టన్ను అని అడగడం నేర్పండి.

ఓడ ఎలా పుడుతుంది?

మొదట రూపకర్తలు గీతలు గీస్తారు. ఆ గీతల ప్రకారం ఉక్కు పలకలను కోస్తారు. వాటిని వంచి, అతికి పెద్ద పెద్ద ముక్కలుగా చేస్తారు. ఓడకు వెన్నెముక లాంటి కీల్ భాగాన్ని ముందు పెట్టి, మిగతా ముక్కలను క్రేన్లతో ఎత్తి దానికి కలుపుతారు. ఇదంతా నీటి వైపు వాలుగా ఉండే స్లిప్‌వే మీద జరుగుతుంది. ఓడ ఆకారం పూర్తయ్యాక గ్రీజు పూసిన దారి మీద నుంచి నీళ్లలోకి జార్చుతారు. మామూలుగా వెనుక భాగం ముందు దిగుతుంది. జలప్రవేశంతో ఓడ పూర్తయినట్టు కాదు. ఇంజన్లు, పైపులు, కేబుళ్లు, పరికరాలు అమర్చి, సముద్రంలో పరీక్షించి, ఆ తర్వాతే అప్పగిస్తారు. పెద్ద ఓడకు ఏళ్లు పడుతుంది.

క్లైడ్ నది చెప్పే సంగతి

స్కాట్లాండ్‌లో క్లైడ్ అనే నది ఉంది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ప్రపంచంలో తయారైన ఓడల్లో దాదాపు అయిదో వంతు ఆ నది ఒడ్డునే తయారయ్యేవి. 1934లో జలప్రవేశం చేసిన ప్రసిద్ధ ‘క్వీన్ మేరీ’ అక్కడి క్లైడ్‌బ్యాంక్‌లో కట్టినదే. తర్వాత ఆర్డర్లు ఇతర దేశాలకు పోయాయి. 1971లో యార్డులు మూతపడే పరిస్థితి వస్తే కార్మికులు సమ్మె చేయలేదు. మేం పని ఆపం అంటూ లోపలే ఉండి ఓడలు కడుతూ పోయారు. ప్రభుత్వం దిగివచ్చింది. అయినా కాలక్రమంలో చాలా యార్డులు పోయాయి. క్లైడ్‌బ్యాంక్‌లో 1907 నాటి టైటాన్ క్రేన్ ఇప్పుడు చూడడానికే మిగిలింది.

యంత్రాలను డబ్బుతో కొనవచ్చు. తండ్రి నుంచి కొడుక్కి, మేస్త్రీ నుంచి కుర్ర ఫిట్టరుకు అందే చేతిపని ఒక తరం తెగితే మళ్లీ కొనడం కుదరదు. క్లైడ్ కథ చెప్పేది ఇదే.

విశాఖ యార్డు కూడా నష్టాల ఏళ్లు చాలా చూసింది. ‘సింధుకీర్తి’ అనే జలాంతర్గామి 2006లో మరమ్మతుకు వచ్చి 2015లో గాని బయటికి వెళ్లలేదు. ఆలస్యం మీద విమర్శలు వచ్చాయి. 2020 ఆగస్టు 1న కొత్త క్రేన్‌ను పరీక్షిస్తుండగా అది కూలి 11 మంది చనిపోయారు. ఓడల గొప్పతనం చెప్పేటప్పుడు ఈ 11 మందిని కూడా పిల్లలకు చెప్పాలి. ఏ పనికైనా భద్రత అన్నది మొదటి పాఠం.

పని మాత్రం ఆగలేదు. క్షిపణుల జాడ పట్టే ‘ధ్రువ్’ నౌక 2021 సెప్టెంబరులో నౌకాదళానికి చేరింది. 2023 ఆగస్టులో దాదాపు రూ. 19,000 కోట్లతో అయిదు సహాయక నౌకలకు ఒప్పందం కుదిరింది. ఒక్కొక్కటి సుమారు 44,000 టన్నులు. ఇది మొత్తం బరువు లెక్కే. నడిసముద్రంలో యుద్ధనౌకలకు ఇంధనం, ఆహారం, మందుగుండు అందించడం వీటి పని. మొదటి దానికి ఉక్కు కోత 2024 ఏప్రిల్‌లో మొదలైంది.

ఈ పనికి ఎవరు కావాలి?

మీ పాప లెక్కల్లో చురుకు, బొమ్మలు గీయడం ఇష్టం అనుకోండి. ఓడల రూపకల్పన, అంటే నేవల్ ఆర్కిటెక్చర్, ఆ రెండూ కలిసే చదువు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉంది. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ విశాఖ ప్రాంగణంలోనూ ఉంది. ఆ ప్రాంగణం ఉన్నది మన అనకాపల్లి జిల్లాలోనే, సబ్బవరం మండలంలో. దాని ప్రవేశ పరీక్ష వేరుగా ఉంటుంది.

బాబుకు చేత్తో చేసే పని ఇష్టమైతే ఐటీఐలో వెల్డరు, ఫిట్టరు, ఎలక్ట్రీషియన్ కోర్సులు ఉన్నాయి. నీటి అడుగున ఉండే అతుకు వెంట్రుక వాసి కూడా తప్పకూడదు. అది చిన్న పని అని పిల్లల ముందు ఎప్పుడూ అనకండి. నెహ్రూ చేతుల మీదుగా నీళ్లలోకి దిగిన జలఉషను అంతకు ముందు నిలబెట్టింది అలాంటి చేతులే.

ఈ నెల ఇంట్లో చేయండి

1. వంటింటి అల్యూమినియం ఫాయిల్ నుంచి 20 సెంటీమీటర్ల చదరపు ముక్కలు రెండు కత్తిరించండి. ఒకదాన్ని మడతలు పెట్టి, లోపల గాలి లేకుండా గట్టిగా నొక్కండి. రెండోదాన్ని పడవలా మలచండి. రెండూ బకెట్‌ నీళ్లలో వేయండి. బరువు ఒకటే, ఫలితం ఎందుకు వేరు?

2. పడవలో రూపాయి బిళ్లలు ఒక్కొక్కటే పెట్టండి. ఎన్నో బిళ్లకు మునిగింది? అంచులు ఎత్తు చేసి ఒకసారి, అడుగు వెడల్పు చేసి మరోసారి ప్రయత్నించండి. మూడు ఫలితాలూ పిల్లలతోనే నోటుపుస్తకంలో రాయించండి.

3. 44,000 టన్నుల నౌక ఎన్ని ఘనపు మీటర్ల సముద్రపు నీటిని నెడుతుంది? పైన చెప్పిన కొలనులు ఎన్ని నిండుతాయి?

4. మీ ఇంట్లో, వీధిలో ఓడరేవులోనో, షిప్‌యార్డులోనో, చేపల వేటలోనో పనిచేసిన తాతయ్యలు, మామయ్యలు ఉంటే పిల్లలను వాళ్ల దగ్గర కూర్చోబెట్టండి. వాళ్లు వాడే పనిముట్ల పేర్లు పది రాసుకొని రమ్మనండి. వచ్చే నెల తరగతిలో ఆ మాటలన్నీ గోడ మీద పెడతాం.