చీకటి నౌకలపై రాడార్ చూపు

పొలానికి గట్టు ఉంటుంది; సముద్రానికి గట్టు లేదు. తీరం నుండి 200 నాటికల్ మైళ్ళ వరకు మత్స్యసంపదపై తీరదేశానికే హక్కు కలదని 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒడంబడిక నిర్ణయించింది. కాని కంటికి కానరాని ఆ సరిహద్దును కాపాడుట ఎట్లు? ఇందుకు విజ్ఞానశాస్త్రం చూపిన మార్గాలలో ఉపగ్రహ రాడార్ ముఖ్యమైనది.

పెద్ద నౌకలు పరస్పరం ఢీకొనకుండా తమ పేరును, స్థానాన్ని రేడియో ద్వారా ప్రకటించే పరికరాన్ని అమర్చుకుంటాయి. దీనిని ఏఐఎస్ అంటారు. అక్రమంగా వేటాడదలచినవారు దానిని ఆపివేస్తే చాలు. పైనుండి ఛాయాచిత్రం తీయబోతే రాత్రి, మేఘాలు అడ్డు వస్తాయి.

రాడార్‌కు సూర్యకాంతితో పని లేదు. అది తానే సూక్ష్మతరంగాలను ఏటవాలుగా పంపి, తిరిగి వచ్చినవాటిని గ్రహిస్తుంది. అవి మేఘాలగుండా సాగిపోతాయి. నిశ్చలమైన నీరు అద్దంవలె వాటిని అవతలకు మళ్ళించడంచేత సముద్రం నల్లగా కనబడుతుంది. నౌక ఉక్కుగోడలు, మూలలు వాటిని వచ్చిన దారినే తిప్పిపంపుతాయి. కాబట్టి నౌక నల్లబల్లపై సుద్దచుక్కవలె మెరుస్తుంది. ఈ చుక్కలను ఏఐఎస్ ప్రకటనలతో సరిపోల్చాలి. ఇది హాజరు తీయడం వంటిదే: విద్యార్థి బెంచీపై ఉన్నాడు, పిలిస్తే పలకడు! ఇట్టివే ‘చీకటి నౌకలు’.

అమెరికా 1978లో ప్రయోగించిన సీశాట్ ఇట్టి రాడార్‌తో సముద్రాన్ని పరిశీలించిన తొలి పౌర ఉపగ్రహం. మన రీశాట్-1 రాడార్ ఉపగ్రహం 2012లో శ్రీహరికోట నుండి నింగికెగసింది.

ఈ విద్య ప్రయోజనానికి ఒక ఉదాహరణ చూద్దాం. ఉత్తర కొరియా తన జలాలలో వేట హక్కులను అమ్మరాదని భద్రతామండలి 2017 డిసెంబరులో నిషేధించింది. 2020లో వెలువడిన ఒక పరిశోధన రాడార్ చిత్రాలను, రాత్రిదీపాలను పసిగట్టే ఉపగ్రహ సమాచారాన్ని, ఛాయాచిత్రాలను జోడించి చూసింది. చైనాకు చెందినవిగా గుర్తించిన నౌకలు 2017లో 900కు పైగా, 2018లో 700కు పైగా అక్కడ వేటాడినట్లు తేలింది. ఆ రెండేళ్ళలో అవి పట్టిన స్క్విడ్ 1,60,000 టన్నులకు మించునని అంచనా. ఆ పోటీకి తాళలేక ఉత్తర కొరియా బెస్తలు చిన్న కొయ్యపడవలపై దూరాన ఉన్న రష్యా జలాలకు పోయారని పరిశోధకులు భావించారు. అటువంటి పడవలు కొన్ని శవాలతో జపాను తీరానికి కొట్టుకొనివచ్చాయి.

రాడార్‌కు పరిమితులు కలవు. నౌక ఉన్నదని చెప్పగలదు గాని వల వేసినదో లేదో చెప్పలేదు. 2024లో ప్రచురితమైన మరొక అధ్యయనం ప్రకారం, 2017–2021 మధ్య పారిశ్రామిక మత్స్యనౌకలలో సుమారు నాలుగింట మూడు వంతులు బహిరంగ గమనింపుకు అందలేదు. అవన్నీ నేరం చేసినట్లు కాదు. ఏఐఎస్ తప్పనిసరి కాని నౌకలు కూడా అందులో ఉన్నాయి. కనుక రాడార్ సాక్ష్యం చెబుతుంది. తీర్పు మనుష్యులే చెప్పాలి.

విద్యార్థులారా! ఉక్కునౌక రాడార్‌కు చిక్కుతుంది. చిన్న కొయ్యపడవ చాలామట్టుకు చిక్కదు. ఆ పడవలోనివాని ఆకలి ఏ చిత్రంలోనూ పడదు. చిత్రాన్ని చదవడం నేర్చినవారు అందులో కనబడనివారిని గూర్చి కూడా విచారించాలి. అప్పుడే ఆ చదువు సార్థకమవుతుంది.